ఖాళీ అవుతున్న సాయంకాలపు బడులు

అనంతపురం వెళ్లొచ్చానంటే మా తెనాలిలో అందరూ అడిగేవి రెండే. పుట్టపర్తి చూశావా, లేపాక్షి బసవన్న దగ్గర ఫొటో తీయించుకున్నావా అని. రెండూ చూడలేదు. నేను వెళ్లింది ఉద్యోగం కోసం. పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పే ఉద్యోగం. అలాంటిదొకటి ఉంటుందంటే మావాళ్లలో సగం మంది ఇప్పటికీ నమ్మరు.

నేను తెలుగు ఎమ్మే, బీఈడీ. ఒక ప్రైవేటు బడిలో ఐదో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. సాయంత్రాలు సరదాగా మార్కెట్లో కూరగాయలమ్మే ఆడవాళ్లకు అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టాను. ఒకరోజు పార్వతమ్మ అనే ఆమె వంకాయల బుట్ట పక్కన కూర్చుని, ఎదురు కొట్టు మీద పేరు కూడబలుక్కుని చదివి, ఇన్నేళ్లూ దీన్ని మందుల షాపు అనుకున్నానే అని పడీపడీ నవ్వింది. అది పురుగు మందుల షాపు. ఆ నవ్వు విన్నాక పిల్లలకు పద్యాలు బట్టీ పట్టించే పని చప్పగా అనిపించింది. బతికితే ఈ పనితోనే బతకాలని పట్టుబట్టాను. అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థ ఇలాంటి బడులు నడుపుతోందని విని ఫోన్ చేశాను. వచ్చి కొన్నాళ్లు పనిచేసి చూడమన్నారు, నచ్చితే ఉండిపోవచ్చన్నారు. మా అమ్మ మాత్రం, నీళ్లే దొరకని చోట నీ చదువెవరికే రమా అంది.

ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం రాస్తున్నాను. వెళ్లమని చెప్పడానికి నోరు రావడం లేదు, వద్దని చెప్పడానికీ రావడం లేదు.

అనంతపురం

తెల్లవారి రైలు దిగాను. కళ్లకు మొదట కనిపించింది రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు. స్టేషన్ బయట సందులో కుళాయి ముందు మనుషులు లేరు, బిందెలే వరసలో నిలబడి ఉన్నాయి. ఎవరి బిందె ఎక్కడుందో అందరికీ తెలుసట, ఎవరూ జరపరట. మా వైపు కాలవకు నీళ్లు నాలుగు రోజులు ఆలస్యమైతే రోడ్డెక్కుతాం. ఇక్కడ ఎవరి ముఖంలోనూ కోపం కనపడలేదు. అలవాటు మాత్రమే కనపడింది. అది నన్ను కోపం కన్నా ఎక్కువ భయపెట్టింది.

పక్కనే బండి మీద ఉగ్గాని పెడుతున్నారు. నానబెట్టిన బొరుగులకు, అంటే మన మరమరాలకు, పసుపు, ఎర్రగడ్డలు వేసిన తాలింపు పెట్టి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన పొడుగాటి మిరపకాయ బజ్జీ పెడతారు. ఇక్కడ ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటారు. ముప్పై రూపాయలకు కడుపు నిండింది. బజ్జీ కొరికి నేను దగ్గుతుంటే బండామె నీళ్లు ఇచ్చి, కోస్తావాళ్లు కారం తింటారని విన్నానే అంది.

సంస్థ ఆఫీసులో శ్రీరాములు గారు కలిశారు. రిటైరైన హెడ్మాస్టరు, ఈ బడులన్నింటినీ చూసుకునేది ఆయనే. నా సర్టిఫికెట్లు చూడలేదు. ఎండకు తట్టుకుంటావా, ఒంటరిగా ఉండగలవా అని అడిగారు. తలూపాను. "ఈ పనికి వచ్చినోళ్లు చానామంది ఏడాది తిరక్కుండానే పోయినారమ్మా. వాళ్లను తప్పుపట్టను. ముందు ఉరవకొండ పక్క పల్లె చూసిరా పో" అన్నారు.

ఉరవకొండ దారి

బస్టాండులో ఒకావిడతో మాటల్లో పడి, కదులుతున్న బస్సు ఎక్కేశాను. ఊరు దాటాక టికెట్ అడిగితే ఉరవకొండ అన్నాను. కండక్టరు నన్ను ఎగాదిగా చూశాడు. అది కళ్యాణదుర్గం బస్సు.

"ఏమ్మా, బోర్డు చూసుకోని ఎక్కల్ల కదా. చదువు రాదా?" అన్నాడు.

నేను చదువు చెప్పేదాన్నేనని అనేశాను. వెనక సీట్లదాకా నవ్వారు, నేనూ నవ్వాను. నడిరోడ్డు మీద దించి, వెనక్కి వెళ్లే ఆటో ఎక్కించాడు. డబ్బులు తీసుకోలేదు.

బస్టాండుకు తిరిగొచ్చి సరైన బస్సు ఎక్కాను. ఉరవకొండ దారంతా ఎర్రమట్టి, చెట్టు నీడ కరువు. దూరంగా మిట్టల మీద పెద్ద పెద్ద గాలిమరలు తిరుగుతున్నాయి. దుక్కి దున్ని వాన కోసం వదిలేసిన చేలు మైళ్ల కొద్దీ పడి ఉన్నాయి. అవన్నీ చెనిక్కాయ వేసే నేలలని పక్కనున్న రైతు చెప్పాడు. మేం వేరుశెనగ అనేదాన్ని వాళ్లు చెనిక్కాయ అంటారు. ముందురోజు అక్కడక్కడా ఒక జల్లు పడిందట. దానికి విత్తనం వేయాలా, ఇంకో జల్లు దాకా ఆగాలా అని బస్సులో పెద్ద తగువు నడుస్తోంది. ఎవరూ గెలవలేదు.

వజ్రాలకు పోయిన క్లాసు

పల్లెలో బడి అంటే ఒక రేకుల హాలు, గోడకు నల్లరంగు పూసిన చోటు. సాయంత్రం వెళితే హాల్లో ఒకే ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. అరవై ఏళ్లుంటాయి, మోకాళ్లు చాపుకుని రాసుకుంటోంది. పేరు ఓబులమ్మ. మిగతావాళ్లేరీ అన్నాను.

"నిన్న వాన పడింది కదమ్మా. అందరూ వజ్రాలు ఏరుకునేకి పోయినారు" అంది.

నన్ను ఆటపట్టిస్తోందనుకున్నాను. కాదట. వజ్రకరూరు వైపు చేలల్లో, వానకు మట్టి కొట్టుకుపోతే ఎప్పుడైనా ఒక రాయి బయటపడుతుందట. మర్నాడు పొద్దున నేనూ వెళ్లి చూశాను. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం వంగి, నేలకేసి చూస్తూ నడుస్తున్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. అన్నం మూటలు గట్టు మీద ఉన్నాయి. నా క్లాసులో చేరాల్సిన ఒకామె తలెత్తి నన్ను చూసి, "ఒక్క రాయి దొరికితే చాలు మేడమ్, మీ కాడ కూసోని చదువుకునేకి తీరిక దొరుకుతాది" అంది. వేళాకోళం కాదు, నిజంగానే అంది. మళ్లీ వంగింది.

ఆ రోజుల్లో నాకు మిగిలిన విద్యార్థి ఓబులమ్మ ఒక్కతే. ఆమె సంతకం ముచ్చటగా పెడుతుంది. పొదుపు సంఘంలో చేరినప్పుడు నేర్పారట. చేసి చూపించి, దాని పక్కనే వేలు పెట్టి, "ఇది నా పేరంట. పదేండ్లుగా గీస్తాండా. యాడ మొదలై యాడ ముగుస్తాదో తెల్దు" అంది.

ఊరి ఆడవాళ్లంతా సంతకం పెడతారు కాబట్టి ఊరంతా చదువొచ్చినట్టే లెక్క. ముగ్గు వేసినంత అందంగా పేరు వేస్తారు. అందులో ఏ అక్షరమూ వాళ్లకు తెలియదు. నేను ఆమె పేరులో మొదటి అక్షరం తప్ప మిగతాదంతా అరచేత్తో మూసి, ఇది ఓ అన్నాను. తర్వాత బు. తర్వాత ల. రెండు రోజులకు రేషన్ షాపు గోడ మీద ఎక్కడో ఉన్న ల ను తనే పట్టుకుని, నా చెయ్యి పట్టి లాక్కుపోయి చూపించింది. తన పేరులోది దొంగిలించి అక్కడ పెట్టుకున్నారన్నట్టు దాన్ని చూసింది.

మరుసటి సాయంత్రం ఓబులమ్మ రాలేదు. ఇంటికి వెళ్లాను. జొన్నరొట్టెలు కొడుతోంది, పక్కన మూట కట్టి ఉంది. కొడుకు, కోడలు బెంగళూరులో కట్టడాల పనిలో ఉన్నారు. కోడలు మళ్లీ పనిలోకి వెళ్లాలి, చంటిదాన్ని చూసుకోవడానికి ఈమెను రమ్మన్నారు. నాకు వేడి రొట్టె, చెనిక్కాయల చట్నీ పెట్టింది. మా ఇళ్లల్లో మూడు పూటలా అన్నమే. నేను రొట్టె తుంచడం చూసి, అట్ల కాదని తనే తుంచి కలిపి ఇచ్చింది. అక్కడికి వెళ్లినా అక్షరాలు వదలొద్దని, బస్సుల మీద బోర్డులు చదువుతుండమని చెప్పాను.

"ఆడ బోర్డులన్నీ కన్నడంలో ఉంటాయంట కదమ్మా" అంది ఓబులమ్మ. "నువ్వు నేర్పించింది ఆడ పనికొస్తాదా?"

రొట్టె తింటూ కూర్చున్నాను. నేను బాధపడ్డానని గ్రహించి, ఊరికే అడిగినాలే అంది. తెల్లారి లేచేసరికి వెళ్లిపోయింది. ఆ వారంలోనే ఇంకో నాలుగిళ్లకు తాళాలు పడ్డాయి. రేకుల హాల్లో నేనూ, నల్లగోడా మిగిలాం.

కదిరి మీదుగా

శ్రీరాములు గారికి ఫోన్ చేస్తే ఆశ్చర్యపోలేదు. తనకల్లు మండలంలో ఒక బడి ఇంకా బాగానే నడుస్తోందని, అది నడిపే ఆదిలక్ష్మి దగ్గర కొన్నాళ్లు ఉండమని చెప్పారు. మళ్లీ అనంతపురం వచ్చి, కదిరి బస్సు ఎక్కాను. ఈసారి బోర్డు రెండుసార్లు చదివాను.

కదిరి బస్టాండులో మల్లెపూల వాసన. మా వైపు మూర లెక్క, వాళ్లకూ మూరే, కానీ అమ్మే ఆమె చెయ్యి నా చెయ్యి కన్నా బాగా పొట్టి. ఆ మాటే అంటే ఇంకో జానెడు కలిపి ఇచ్చింది. తనకల్లు దగ్గరపడేకొద్దీ రాళ్ల గుట్టలు, ఎండిన కుంటలు. ఒక ఊరి పొలిమేరలో చింతచెట్ల కింద కొత్తగా బోరు వేస్తున్నారు. గొట్టం నుంచి తెల్లటి రాతిపొడి మాత్రమే లేస్తోంది. చుట్టూ నిలబడ్డవాళ్లు ముఖాల మీద గుడ్డలు కప్పుకుని ఆ పొడినే చూస్తున్నారు. బస్సు చాలాసేపు అక్కడే ఆగింది. ఎవరూ పోనివ్వమని అడగలేదు. డ్రైవరు కూడా నీళ్లు పడతాయేమోనని చూస్తున్నాడు. పడలేదు.

ఆదిలక్ష్మి

ఆదిలక్ష్మికి నలభై దాటాయి. సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినపడుతుంది. పెళ్లయి వచ్చినప్పుడు ఆమెకూ చదువు రాదు. అప్పట్లో ఊళ్లో నడిచిన బడిలో కూలిపని అయ్యాక వెళ్లి నేర్చుకుంది, తర్వాత అక్కడే నేర్పడం మొదలుపెట్టింది. మొగుడు లారీ మీద వెళ్లి వేరే ఊళ్లో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆ సంగతి తనకు చేరింది ఒక ఉత్తరం ద్వారానని, దాన్ని తనే చదువుకున్నానని చెప్పింది. అదొక్కటి చదవకపోయినా బాగుండేదని నవ్వింది. కూతురు నర్సింగ్ చదువుతూ హాస్టల్లో ఉంది. నన్ను ఇంట్లోనే పెట్టుకుంది. పొద్దున రాగిసంగటి, పప్పు. మొదటిరోజు ముద్దను నమలబోతే, మింగల్లని చెప్పింది. నమిలితే పళ్లకు అంటుకుంటుందని అప్పటికే నాకు తెలిసిపోయింది.

సాయంత్రం పొద్దు వాలకముందే బడి అరుగు మీద ఆడవాళ్లు పోగయ్యారు. డజను మందికి తక్కువ లేరు. చేతులకు మట్టి, కొందరి ఒళ్లో పిల్లలు. ఆదిలక్ష్మి బోర్డు మీద ఒక అక్షరం రాసి, పక్కనే దానిలాంటిదే ఇంకోటి రాసింది.

"ఇది తెలుగు క. ఇది కన్నడం క. మన తలకట్టు టిక్కు కొట్టినట్ల ఉంటాది. వాళ్లది గీత మాదిరి పడుకోని ఉంటాది. మిగతాది చానా మటుకు ఒకటే. మనది బాగా వస్తే వాళ్లది సగం వచ్చినట్లే" అంది.

ఓబులమ్మకు నేనివ్వలేకపోయిన జవాబు అదే. ఎలా తట్టింది అక్కా అంటే, అందరూ పోయేది ఆ ఊరికే కదా, పోయేచోటికి పనికొచ్చేది చెప్పకుంటే ఎవరొస్తారు అంది. ఆమె దగ్గర నేనూ రెండు భాషల అక్షరాలూ దిద్దాను. ఓబులమ్మ కొడుకు నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఆ నంబరు పనిచేయడం లేదు. తర్వాత ఎన్నిసార్లు చేసినా అదే మాట.

ఆ అరుగు మీద ఒక సాయంత్రం, ఎవరికి ఏం చదవాలని ఉందో అడిగాను. ఒకామె మాత్రల అట్ట మీద తేదీ అంది. ఒకామె బస్సు బోర్డు అంది. ఇంకొకామె, కోడలు ఫోన్లో తన మీద ఏం పెడుతోందో చదవాలంది. అరుగంతా ఘొల్లుమంది. కోడలు కూడా అక్కడే ఉంది, అందరికన్నా ఎక్కువ నవ్వింది తనే. ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి ఇక్కడే ఉండిపోతున్నానని చెప్పాను. నీళ్లు కాచుకుని తాగమంది.

మేస్త్రీ

వాన రాలేదు. రోజూ పడమటివైపు మబ్బు పట్టేది, గాలి లేచి దుమ్ము కళ్లల్లో కొట్టేది, మబ్బు విడిపోయేది. ఊళ్లోకి ఒక మేస్త్రీ వచ్చాడు. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఊడ్చి తుడిచే పనికి ఆడవాళ్లను తీసుకుపోతాడు. ఆయన వచ్చిన మర్నాడే అరుగు మీద నలుగురు తగ్గారు. ఇంకో రెండు రోజులకు సగమైంది. ఆదిలక్ష్మి ఇంటింటికీ తిరిగేది, నేనూ వెంట తిరిగేదాన్ని. ఎవరూ రామని చెప్పలేదు. పోయి వచ్చినాంక నేర్చుకుంటామక్కా అని మూటలు కట్టుకున్నారు.

ఆ తర్వాత శ్రీరాములు గారి ఫోన్ వచ్చింది. ఈ నెలతో బడులు మూసేస్తున్నారు, ఇకమీదట పాఠాలు ఫోన్లోనే వస్తాయట, ఎవరికి వారే చూసి నేర్చుకోవచ్చట. ఆయన గొంతులో జీవం లేదు. చదువు రానివాళ్లు ఫోన్లో పాఠం ఎక్కడుందో ఎలా వెతుక్కుంటారు సార్ అని అడిగాను. ఆయన కూడా పైవాళ్లను అదే అడిగారట. నాకు వేరే పని చూపిస్తానన్నారు, ఊళ్లు తిరిగి జనం వివరాలు ఫోన్లో ఎక్కించే పని. ఆలోచిస్తానన్నాను.

ఆదిలక్ష్మి ఆ రోజు కూడా అరుగు ఊడ్చింది. ముగ్గురొచ్చారు. పాఠం చెప్పింది. అయ్యాక బోర్డు తుడవకుండా అలాగే వదిలి ఇంటికి వచ్చింది. అన్నం దగ్గర, తనూ మేస్త్రీ వెంట పోతున్నానని చెప్పింది. కూతురి చదువు మధ్యలో ఆపడం కుదరదు, ఇక్కడ కూలి కూడా లేదు. నేను కంచం ముందు కూర్చుని ఏడ్చాను. ఆమె ఏడవలేదు. సంగటి చల్లారిపోతోంది తినమంది.

బెంగళూరు బస్సు

పొద్దున్నే తనకల్లు రోడ్డు మీద పదిమంది ఆడవాళ్లు మూటలతో నిలబడ్డారు. సగం మంది ఆదిలక్ష్మి క్లాసువాళ్లే. మేస్త్రీ పుస్తకం, సిరాపెట్టె పట్టుకుని ఒక్కొక్కరినీ పిలుస్తున్నాడు. పిలిచినవాళ్లు బొటనవేలు ముద్ర వేస్తున్నారు. వాళ్లంతా సంతకం వచ్చినవాళ్లే, అందులో ముగ్గురు వాక్యాలు చదవగలవాళ్లు. నాకేమీ అర్థం కాలేదు. ఆదిలక్ష్మి వంతు వచ్చింది.

"సంతకమా, ముద్రనా?" అన్నాడు మేస్త్రీ.

"ముద్రే అన్నా. చదువు రాదు" అంది.

సిరాలో వేలు ముంచి, కాగితం మీద ఒత్తి, కొంగుకు తుడుచుకుంది. నేను ఆమెను పక్కకు లాగి ఎందుకలా చెప్పావని అడిగాను.

"చదువొచ్చినోళ్లను తీసుకోడు" అంది నెమ్మదిగా. "పోయినసారి రాజమ్మ ఈయప్ప హాజరు పుస్తకం చదివేసింది. పనికి పోయిన రోజులు కూడా పోలేదని రాసుకున్నాడని అందరి ముందర చెప్పింది. ఆమెను వాపసు పంపినాడు. అప్పట్నించీ ఏమీ రానోళ్లే కావల్లంటాడు." మూట ఎత్తుకుంటూ, "రాజమ్మకు చదువు నేర్పింది నేనేలే" అంది.

బస్సు వచ్చింది. ఎక్కేముందు, నా దగ్గర డబ్బులున్నాయా, మధ్యాహ్నం ఎక్కడ తింటావని అడిగింది. కిటికీలోంచి చెయ్యి ఊపలేదు. మిగతా ఆడవాళ్లలాగే ముందుకు చూస్తూ కూర్చుంది.

తిరిగొచ్చాక

అనంతపురంలో శ్రీరాములు గారు చూపిన పని నేను తీసుకోలేదు. ఆయన బలవంతపెట్టలేదు. స్టేషన్ దాకా స్కూటర్ మీద దించి, ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని రైలు కదిలేదాకా నిలబడ్డారు. తెల్లారి మా వైపు కాలవ నిండా నీళ్లు చూస్తే సంతోషం కలగలేదు. తప్పు చేసినదానిలా కిటికీ మూసుకున్నాను.

ఇప్పుడు మళ్లీ ప్రైవేటు బడిలోనే పనిచేస్తున్నాను. పెద్దవాళ్లకు నేర్పే ఉద్యోగం ఎక్కడైనా ఉందేమోనని ఇంకా అడుగుతూనే ఉన్నాను. ఉందని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

పోయిన ఆదివారం ఆదిలక్ష్మి ఫోన్ చేసింది. పద్నాలుగు అంతస్తుల భవనమట, మెట్లన్నీ తనే తుడుస్తుందట. కూతురి ఫీజు కట్టేసిందట. కన్నడం అక్షరాలు చదువుతున్నావా అక్కా అని అడిగాను.

"మొదట్లో చదివేదాన్ని. ఎవరన్నా చూస్తారేమోనని బయం. గోడమీద కాగితం కనపడితే తల తిప్పుకునేది అలవాటు చేసుకున్నా" అంది. "ఇప్పుడు కండ్లే నిలబడవు రమమ్మా, రాత మీద."

ఎదురుగా ఏముంటే అది, ఒక్క ముక్క, నాకు చదివి వినిపించమన్నాను. అవతల బకెట్ కింద పెట్టిన చప్పుడైంది. ఆమె ఊపిరి వినపడుతోంది. ఏదో అక్షరం మొదలుపెట్టింది, పూర్తి చేయలేదు.

"ఎవరో వస్తాండారు" అని పెట్టేసింది.